గడియారాన్ని నమ్మి దూకవద్దు: స్కైడైవింగ్ సీజనుకు ముందు ఆల్టిమీటర్ జాగ్రత్తలు

ఏప్రిల్ దగ్గర పడుతోంది. అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో డ్రాప్‌జోన్లు (స్కైడైవింగ్ చేయించే చోట్లు) మళ్ళీ తెరుచుకునే కాలమిది. కొత్తగా ‘ఎ’ లైసెన్సు (స్కైడైవింగ్‌లో మొదటిది) తీసుకున్న మన పిల్లలు సొంత సామాను కొనుక్కునేది కూడా ఇప్పుడే. శిక్షణలో ఉన్నంతకాలం స్కూలు ఇచ్చిన ఆల్టిమీటర్ (ఎత్తు చూపే సాధనం) చేతికి ఉండేది. లైసెన్సు రాగానే అది తిరిగి ఇచ్చేయాలి. అలా ఇచ్చేసిన కుర్రవాడొకడు, కొండలెక్కడానికి కొనుక్కున్న, ఎత్తు కూడా చూపే ఖరీదైన గడియారం ఉంది కదా అని దానితోనే దూకాడని ఈ మధ్య తెలిసింది. పారాచూట్ తెరవాల్సిన ఎత్తు దాటిపోయాక కూడా గడియారంలో ఇంకా వ్యవధి ఉన్నట్టే కనిపించింది. వీపు మీది ఏఏడీ అనే పరికరం తనంతట తాను రిజర్వ్ (అత్యవసర) పారాచూట్ తెరవబట్టి బతికాడు.

పట్టీలు, హెల్మెట్, వాతావరణం గురించి మీ శిక్షకులు చెప్పే ఉంటారు. వాటిని వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్క పొరపాటు గురించే. తెలివైనవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, పద్ధతిగా ఉండేవాళ్ళు కూడా ఇందులో పడుతుంటే చూశాను.

గడియారంలో అంకె పాతది

పొట్ట నేలవైపు ఉంచి పడుతున్న మనిషి వేగం గంటకు దాదాపు 190 కిలోమీటర్లు. అంటే సెకనుకు 170 అడుగులకు పైనే. 3,000 అడుగుల దగ్గర పారాచూట్ తెరవకపోతే నేల తాకడానికి మిగిలేది సుమారు 17 సెకన్లు.

ఇప్పుడు గడియారం సంగతి చూడండి. అది నడిచే మనిషి కోసం చేసినది. బ్యాటరీ ఆదా కావాలి కాబట్టి, ఎత్తు లెక్కకు వాడే గాలి ఒత్తిడిని ఎడతెగకుండా కొలవదు. క్యాసియో ప్రోట్రెక్ గడియారాల్లో చాలా నమూనాలు మొదటి మూడు నిమిషాలు సెకనుకోసారి కొలుస్తాయి. ఆ తర్వాత మీరు పెట్టుకున్న సెట్టింగును బట్టి ఐదు సెకన్లకోసారో, రెండు నిమిషాలకోసారో కొలుస్తాయి. విమానం 13,000 అడుగులకు చేరడానికి పావుగంట పడుతుంది. మీరు తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఐదు సెకన్ల పాత అంకె అంటే 850 అడుగులకు పైగా తేడా. 3,000 అని కనిపిస్తున్నప్పుడు మీరు 2,150 దగ్గర ఉండవచ్చు. ‘ఎ’ లైసెన్సు ఉన్నవాళ్ళు 3,000 అడుగులకల్లా పారాచూట్ తెరవాలనీ, అది సరిగా లేకపోతే రిజర్వ్ వాడాలా వద్దా అన్నది 2,500 దగ్గర తేల్చుకోవాలనీ అమెరికా పారాచూట్ సంఘం చెబుతోంది. గడియారాన్ని నమ్మినవాడు ఆ రెండు గీతలనూ తెలియకుండానే దాటేస్తాడు.

మోసపోయేది ఎక్కడంటే, పైకి వెళ్ళేటప్పుడు. విమానంలో గడియారాన్నీ పక్కవాడి ఆల్టిమీటర్‌నూ పోల్చి చూస్తారు. రెండూ సరిపోతాయి. సరిపోక ఏం చేస్తాయి? విమానం ఎక్కే వేగం సెకనుకు 15 అడుగుల ప్రాంతం. ఐదు సెకన్లు ఆలస్యమైనా తేడా 75 అడుగులు, కంటికి ఆనదు. పడేటప్పుడు అదే ఆలస్యానికి తేడా పది రెట్లు దాటుతుంది. విమానంలో సరిపోలితే పడేటప్పుడు కూడా సరిపోలుతుందని అనుకోవద్దు. గడియారాన్ని నమ్మి దూకవద్దు.

తయారీదారుల మాట కూడా ఇదే. స్కైడైవింగ్‌లో ఎత్తు కొలవడానికి ఈ గడియారంపై ఆధారపడవద్దని క్యాసియో తన మాన్యువల్‌లో స్పష్టంగా రాసింది. గార్మిన్ కొన్ని గడియారాల్లో స్కైడైవింగ్ కోసం జంప్‌మాస్టర్ అనే సదుపాయం ఇచ్చింది కానీ, అది అనుభవజ్ఞులకే అనీ, ప్రధాన ఆల్టిమీటర్‌గా వాడకూడదనీ తానే హెచ్చరించింది. డబ్బు పెట్టి కొన్న వస్తువుతో వచ్చిన కాగితం చదవండి.

ఆ ఎత్తు దేని నుంచి?

గడియారం మామూలుగా చెప్పేది సముద్రమట్టం నుంచి ఎత్తు. మీకు కావలసింది దిగబోయే నేల నుంచి ఎత్తు. దుబాయిలో పామ్ దీవి పక్కన దూకినవాళ్ళకు ఈ తేడా తెలియదు, అక్కడ నేల సముద్రమట్టానికి ఆనుకునే ఉంటుంది. అదే అలవాటుతో కొలరాడోలోని లాంగ్‌మాంట్‌కు వెళ్తే, అక్కడి రన్‌వేనే 5,000 అడుగుల ఎత్తున ఉంది. గడియారం 5,000 చూపిస్తున్నప్పుడు మీరు ఉన్నది నేల మీదే. నేలను సున్నాగా సరిచేసుకున్నా, జీపీఎస్‌తో తనంతట తాను ఎత్తు సవరించుకునే గడియారాలు ఉన్నాయి. మధ్యలో ఎప్పుడు మార్చేస్తాయో మీ చేతిలో లేదు.

స్కైడైవింగ్ కోసమే చేసిన ఆల్టిమీటర్ నేల నుంచే లెక్కిస్తుంది. పడే వేగానికి తగినట్టు వెంటవెంటనే కొలుస్తుంది. మీట నొక్కాల్సిన పని లేదు, మీరు తలుపు దాటేటప్పటికి నిద్రపోయి ఉండదు. ఆల్టి-2 వారి గెలాక్సీ వంటి ముల్లు ఆల్టిమీటర్ అయితే అంకె చదవనక్కరలేదు, ముల్లు ఏ వైపు వాలిందో ఓరచూపుకే తెలుస్తుంది. కొత్తవాళ్ళకు నేను చెప్పేది ముల్లుదే. ఎదురుగాలిలో, కంగారులో నాలుగు అంకెలు చదివి అర్థం చేసుకోవడం నేల మీద అనుకున్నంత తేలిక కాదు. మంచి కొండ గడియారానికి పెట్టే డబ్బుతో ఇది వచ్చేస్తుంది.

ఇక మిగిలినవి:

ప్రతి జంప్‌కూ ముందు నేల మీద సున్నా చూడండి. ఉదయం సరిచేశాను కదా అనవద్దు. గాలి ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ మారితే సుమారు 27 అడుగులు తేడా వస్తుంది, మధ్యాహ్నానికి అది వంద దాటవచ్చు.

విమానం ఎక్కాక సున్నా ముట్టుకోవద్దు.

1,000 అడుగుల దగ్గర పక్కవాళ్ళ ఆల్టిమీటర్‌తో పోల్చండి. పోల్చేది ఆల్టిమీటర్‌తో ఆల్టిమీటర్‌ను. గడియారాన్ని కాదు.

అడుగులా మీటర్లా చూసుకోండి. 1,500 మీటర్లంటే 4,900 అడుగులు. ఒకటి అనుకుని ఇంకొకటి చదివితే ఆ తేడా ప్రాణం తీస్తుంది.

జంప్‌సూట్ చేతి కింద దేన్నీ దాచవద్దు. కనిపించాలి, గాలి తగలాలి.

వెల్లకిలా పడుతున్నప్పుడు చేతి ఆల్టిమీటర్ మీ ఒంటి వెనుక సుడిగాలిలో చిక్కుకుని తప్పు చూపవచ్చు. తెరిచే ఎత్తు దగ్గర పడకముందే బోర్లా తిరిగి మళ్ళీ చూడండి.

హెల్మెట్‌లో కూత పెట్టే ఆల్టిమీటర్ రెండోది మాత్రమే. దాని కూత కోసం ఎదురుచూస్తూ పడవద్దు.

ఏఏడీ ఉంది కదా అనవద్దు. సాధారణ అమరికలో అది పనిచేసేది 750 అడుగుల ప్రాంతంలో. అప్పటికి నేల నాలుగు సెకన్ల దూరం. మీరు ఆలస్యంగా తెరిచిన మెయిన్ (ప్రధాన పారాచూట్) ఇంకా విచ్చుకుంటుండగానే అది రిజర్వ్ కూడా తెరిస్తే రెండు పారాచూట్లు ఒకేసారి తెరుచుకుని చిక్కుపడవచ్చు.

ఎత్తు ఎంతో తెలియలేదా? పారాచూట్ పిడి లాగండి. ఇంకోసారి చూసి నిర్ధారించుకుందామని ఆగవద్దు.

గట్టిగా నేలకు తగిలిన ఆల్టిమీటర్‌ను రిగ్గర్‌కు (పారాచూట్ సామాను పరీక్షించే నిపుణుడికి) చూపించనిదే పైకి తీసుకెళ్ళవద్దు.

గడియారం జ్ఞాపకం కోసం కావాలంటే సంచిలో ఉంచండి, చేతికి వద్దు. చేతికి ఉంటే చూస్తారు. చూస్తే నమ్ముతారు.

ఆల్టిమీటర్ మరిచిపోయి వచ్చారా? డ్రాప్‌జోన్‌లో అద్దెకు అడగండి. దొరక్కపోతే ఆ విమానం వదిలేసి తర్వాతి దానికి పేరు రాయించుకోండి.