మెడికల్ షాపులో షుగర్ రిస్కు పరీక్ష పెట్టాలంటే

మందుల చీటీ ఇచ్చాక, మనం స్ట్రిప్పులు తీసి బిల్లు కొట్టేదాకా కస్టమర్ ఊరికే నిలబడి ఉంటాడు. షుగర్ వచ్చే అవకాశం ఎంతుందో చూసే చిన్న పరీక్ష ఆ ఖాళీలో పెట్టొచ్చు. మా షాపులో నడిపే పద్ధతి ఇది.

ప్రశ్నలు సొంతంగా అల్లకండి. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు 2005లో ఇచ్చిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ ఉంది. రక్తం చుక్క అక్కర్లేదు. వయసు, నడుము, ఒంటికి శ్రమ, అమ్మానాన్నల షుగర్, ఈ నాలుగే. మొత్తం 100 మార్కులు. 60, ఆపైన వస్తే రిస్కు ఎక్కువ, 30 లోపైతే తక్కువ. టాబ్లెట్ కంప్యూటర్ ఉంటే కూడిక అదే చేస్తుంది, లేకపోతే అట్టముక్క, పెన్ను చాలు.

అన్నిటికంటే ముందు "ఇప్పటికే షుగర్ మందు వాడుతున్నారా?" అని అడగండి. అవునంటే అక్కడితో ఆపేయాలి. గర్భిణులకూ ఈ పరీక్ష వద్దు.

వయసుతో పేచీ లేదు. 35 లోపు సున్నా, 49 దాకా 20, 50 నుంచి 30.

తిప్పలన్నీ నడుము దగ్గరే. "నాది ముప్పై నాలుగు సైజు బాబూ" అంటారు బాబాయిలు. ఆ ప్యాంటు బొజ్జ కింద ఎక్కడో ఆగుతుంది. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాక్కుంటే నవ్వేసి మళ్ళీ కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్ల నుంచి 10, 100 నుంచి 20. ఆడవాళ్ళకు 80 నుంచి 10, 90 నుంచి 20. ఆడవాళ్ళకు టేపు చేతికిచ్చి తెర చాటున కొలుచుకోమనడం మేలు. కుచ్చిళ్ళ మీద వద్దని మాత్రం ముందే చెప్పండి.

"వ్యాయామం చేస్తారా?" అని అడిగితే "పొద్దస్తమానం తిరుగుడే కదండీ" అంటారు. అందుకే ప్రశ్నను రెండుగా విరవండి: ఒళ్ళు అలిసే పని ఉందా? రోజూ నడకో, వ్యాయామమో ఉందా? రెండూ ఉంటే సున్నా, ఒకటే ఉంటే 20, ఏదీ లేకపోతే 30.

అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. "ఆ రోజుల్లో టెస్టులెక్కడివి?" అనేవాళ్ళకు సున్నా వేసి, అసలు రిస్కు ఇంకా ఎక్కువ ఉండొచ్చని చెప్పండి. అన్నదమ్ముల షుగర్ ఈ లెక్కలోకి రాదు.

ఫలితం గట్టిగా చదవకండి. వెనక లైన్లో వాళ్ళ వియ్యంకుడే ఉండొచ్చు! కౌంటర్ చివర ఒక స్టూలు వేసి, చీటీ చేతిలో పెట్టండి. "మీకు షుగర్ ఉంది" అనే మాట మన నోట రాకూడదు, ఇది అవకాశం లెక్క మాత్రమే. స్కోరు 60, ఆపైన వస్తే పరగడుపున రక్తపరీక్ష చేయించమనండి. 30 ఏళ్ళు దాటిన వాళ్ళకు షుగర్, బీపీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చూస్తారు. పరగడుపు షుగర్ 100 నుంచి 125 వస్తే షుగర్ వచ్చే సరిహద్దులో ఉన్నట్టు, 126 నుంచి డాక్టర్ తేల్చాల్సిందే.

ఆ స్టూలు దగ్గర షుగర్ తగ్గించే పొడుల డబ్బాలు పెట్టకండి. ఫోన్ నంబరూ అడగొద్దు. చీటీ కింద షాపు పేరు వేసుకుంటారా, వేసుకోండి.