మహిళలు ఒంటరిగా, సురక్షితంగా ప్రయాణించడం ఎలా?

ఒంటరిగా బయల్దేరుతున్నానని ఒక ఆడమనిషి చెప్పగానే వచ్చే సలహాల్లో చాలావరకు "వద్దు"లే. చీకటి పడ్డాక తిరగొద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు, ఆ ఊరే వద్దు. అన్నీ పాటిస్తే గదిలో తలుపేసుకుని కూర్చోవడమే మిగులుతుంది.

నా దృష్టిలో అసలు జాగ్రత్త వేరే చోట కావాలి. కొత్త ఊళ్ళో దిగిన మొదటి గంటా రెండు గంటలు చూడండి. నిద్ర సరిగ్గా ఉండదు, చేతుల నిండా లగేజీ, ఫోన్‌లో ఛార్జింగ్ అడుగంటి ఉంటుంది, ఏ గేటు నుంచి బయటికి వెళ్ళాలో తెలియదు. ఆ అలసటలో, ఆ తొందరలో ఎవరేం చెబితే దానికి తలూపేస్తాం. అందుకే అప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయాలను ఇంట్లోనే, తీరిగ్గా ఉన్నప్పుడే తీసేసుకోవాలి.

1. పగలు చేరేలా టికెట్ తీసుకోండి

టికెట్ కొనేటప్పుడు ధర, బయల్దేరే సమయం చూస్తాం. చేరే సమయాన్ని పెద్దగా పట్టించుకోం. ఒంటరిగా వెళ్ళేటప్పుడు ముందు చూడాల్సింది అదే. రాత్రి 2 గంటలకు దింపే చౌక టికెట్ కంటే ఉదయం 9కి దింపే ఖరీదైన టికెట్టే నయం. ఆలస్యం కూడా లెక్కేసుకోండి. సాయంత్రం 6కి చేరాల్సిన బండి 3 గంటలు లేటయితే పరిస్థితి ఏమిటి? రాత్రి చేరక తప్పకపోతే స్టేషన్ నుంచి గదికి వెళ్ళే బండిని ముందే మాట్లాడుకోండి. అదీ కుదరకపోతే తెల్లారేదాకా జనం, వెలుతురు ఉన్న వెయిటింగ్ హాల్లో కూర్చోవడానికి సిద్ధపడి వెళ్ళండి.

2. గది కంటే ముందు వీధిని చూడండి

ఫొటోల్లో ప్రతి గదీ బాగానే ఉంటుంది. మ్యాప్‌లో ఆ వీధి ఫొటోలు తెరిచి స్టేషన్ నుంచి గది దాకా దారి చూసుకోండి. రాత్రి తెరిచి ఉండే షాపులు ఉన్నాయా, లేక పొడవాటి గోడ పక్కన నడవాలా? రివ్యూల్లో ఆడవాళ్ళు రాసినవి వెతకండి. అక్కడ కూడా "సూపర్" అన్నవి కాదు, గడియ గురించో సిబ్బంది తీరు గురించో విడిగా రాసినవి పనికొస్తాయి. రిసెప్షన్‌లో 24 గంటలూ మనిషి ఉంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మొదటి రాత్రికి మాత్రమే బుక్ చేసుకుని, నచ్చితే పొడిగించుకోవడం మంచి పద్ధతి. వారానికి డబ్బు ముందే కట్టేస్తే, మనసుకు ఏదో తేడాగా అనిపించినా కదలబుద్ధి కాదు.

3. మీ బ్యాగు మీరే మోయగలగాలి

1889లో నెల్లీ బ్లై అనే అమెరికన్ విలేకరి ప్రపంచాన్ని చుట్టి వస్తానంటే, ఆడమనిషికి తోడు కావాలి, బోలెడు పెట్టెలు కావాలి అని ఆమె పనిచేసే పత్రికలోనే అన్నారు. ఆమె ఒక్క చేతిసంచితో బయల్దేరి 72 రోజుల్లో తిరిగొచ్చింది. సామాను తక్కువగా ఉండటం అందం కోసం కాదు. రెండు పెట్టెలు లాగుతున్న మనిషి పరుగెత్తలేదు, మెట్లెక్కలేదు, ఫోన్ తీయడానికి చేయి ఖాళీ ఉండదు. "నేను పట్టుకుంటాను" అని ముందుకొచ్చిన ప్రతివాళ్ళ మీదా ఆధారపడాల్సి వస్తుంది. సర్దడం అయ్యాక బ్యాగు మోస్తూ మూడంతస్తుల మెట్లు ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే బరువు తగ్గించండి.

పవర్ బ్యాంకు విమానంలో చేతి లగేజీలోనే ఉండాలి. బ్యాటరీలో ఎంత విద్యుత్తు పడుతుందో చెప్పే వాట్-అవర్ల లెక్కలో సాధారణంగా 100 వరకు అనుమతిస్తారు. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. పెప్పర్ స్ప్రేని విమానం క్యాబిన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. బ్రిటన్‌లాంటి దేశాల్లో అది దగ్గర ఉండటమే నేరం. దానికి బదులు తాడు లాగితే పెద్దగా మోగే చిన్న అలారం కొనుక్కోవడం మేలు. మందులు వాటి అసలు ప్యాకెట్లలోనే, డాక్టరు చీటీతో పెట్టుకోండి. మామూలు జలుబు మందు కూడా కొన్నిచోట్ల చిక్కు తెస్తుంది. ఉదాహరణకు జపాన్‌లోకి ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన మందులు తీసుకెళ్ళకూడదు. నెలసరి సామాను మీకు అలవాటైనదే సరిపడా తీసుకెళ్ళండి, ప్రతిచోటా అదే రకం దొరకదు.

4. డబ్బు, కాగితాలు ఒకేచోట పెట్టొద్దు

రెండు కార్డులు రెండు చోట్ల. కొంత నగదు ఒంటిమీద, కొంత బ్యాగు అడుగున. రోజు ఖర్చుకు సరిపడా చిల్లర మాత్రమే పైపర్సులో. ఎవరైనా బెదిరించి అడిగితే ఆ పైపర్సు ఇచ్చేయండి, వస్తువు కోసం పెనుగులాడొద్దు. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్ కాగితాల ఫొటోలు మీ మెయిల్‌లో ఒకటి, ఇంట్లోవాళ్ళ దగ్గర ఒకటి ఉండాలి. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు ఉండాలంటాయి, అది కూడా ఒకసారి చూసుకోండి.

5. ఫోన్‌ను సిద్ధం చేయండి

ముందు ఎమర్జెన్సీ ఎస్ఓఎస్, అంటే ఆపదలో సాయం పిలిచే ఏర్పాటు. ఐఫోన్‌లో పక్క బటన్‌ను, వాల్యూమ్ బటన్లలో ఒకదాన్ని కలిపి నొక్కి పట్టుకుంటే వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే 5 సార్లు నొక్కాలి. సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందో లేదో, ఎవరికి కబురు వెళ్తుందో ఇంట్లోనే చూసుకోండి. లాక్ తీయకుండానే కనిపించేలా రక్తం గ్రూపు, అలర్జీలు, దగ్గరివాళ్ళ నంబరు నింపి పెట్టండి.

వెళ్ళే దేశం అత్యవసర నంబరు తెలిసి ఉండాలి. యూరోపియన్ యూనియన్ అంతటా 112, ఇండియాలో 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్సుకు 119. ఊరి మ్యాపును ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. గది చిరునామాను అక్కడి లిపిలో ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్ చచ్చిపోయినా డ్రైవరుకు ఆ కాగితం చూపిస్తే చాలు. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు (మీ ఫోన్‌ను గుర్తించే నంబరు) కూడా అందులోనే రాసి పెట్టండి, ఫోన్ పోతే ఫిర్యాదులో అడుగుతారు.

6. ఇంట్లో ఒక్కరితో మాట్లాడి పెట్టుకోండి

పదిమందికి చెప్పడం కంటే ఒక్కరికి బాధ్యత అప్పగించడం మంచిది. పదిమందికి చెబితే ప్రతివాళ్ళూ ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. ఆ ఒక్కరి దగ్గర మీ టికెట్లు, గది చిరునామాలు ఉండాలి. ఎన్నింటికి మెసేజ్ పెడతారో, పెట్టకపోతే వాళ్ళేం చేయాలో మాట్లాడుకోండి. "రాత్రి 9 దాటితే ఫోన్ చెయ్యి, 10 దాకా ఎత్తకపోతే హోటల్‌కు చెయ్యి, వాళ్ళకీ తెలియకపోతే పోలీసులకు చెప్పు" అన్నంత స్పష్టంగా. ఇలా ఉంటే ఇంట్లోవాళ్ళకూ టెన్షన్ తగ్గుతుంది, గంటగంటకూ ఫోన్లు రావు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పంపొచ్చు. టాక్సీ ఎక్కేటప్పుడు గంటది చాలు. పైకి మామూలు మాటలాగే వినిపిస్తూ, మీ మనిషికి మాత్రం "నన్ను ఇక్కడి నుంచి బయటపడెయ్" అని అర్థమయ్యేలా ఒక గుర్తుమాట కూడా పెట్టుకోండి.

సోషల్ మీడియాలో మాత్రం తొందర వద్దు. ఆ చోటు నుంచి కదిలాకే ఫొటోలు పెట్టండి.

7. దిగాక ఆగి, చూసి, కదలండి

బయటికి రాకముందే లోపలే పక్కకు నిలబడి ఫోన్, దారి, డబ్బు చూసుకోండి. గేటు దాటాక మ్యాప్ తిప్పుతూ నిలబడితే కొత్తవాళ్ళమని చాటింపు వేసినట్టే.

యాప్‌లో పిలిచిన టాక్సీ అయితే బండి నంబరు సరిపోల్చండి. తర్వాత "ఫలానా పేరుకు వచ్చారా?" అనొద్దు, ఎవరైనా అవునంటారు. "ఎవరి కోసం వచ్చారు?" అని అడిగి మీ పేరు వాళ్ళనే చెప్పనివ్వండి. వెనక సీట్లో, డ్రైవరుకు ఎదురు మూలలో కూర్చోండి. తలుపు వేసే ముందు లోపలి పిడి పనిచేస్తుందో లేదో ఒకసారి లాగి చూడండి. మీ ఫోన్‌లో దారి తెరిచి ఉంచండి. దారి మారితే వెంటనే అడగండి. జవాబు నచ్చకపోతే జనం ఉన్నచోట ఆపమనండి. ఎక్కగానే "పావుగంటలో అక్కడ ఉంటాను" అని ఎవరితోనైనా వినబడేలా ఫోన్‌లో మాట్లాడటం కూడా పనిచేస్తుంది.

"మీ హోటల్ మూసేశారు, ఇంకోటి చూపిస్తాను" అనేది చాలా దేశాల్లో నడిచే పాత మోసం. హోటల్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. బట్టల మీద ఏదో పడేసి తుడవడానికి వచ్చేవాళ్ళు, చేతికి దారం కట్టి డబ్బులడిగేవాళ్ళు కూడా ఈ కోవలోకే వస్తారు. ఆగకుండా నడిచిపోండి.

8. గదిలోకి వెళ్ళాక మొదటి పది నిమిషాలు

రిసెప్షన్‌లో గది నంబరు పదిమందికీ వినబడేలా చెబితే వేరే గది అడగండి. మొహమాటం అక్కర్లేదు, ఇది మామూలు కోరికే. కిటికీ బయటి నుంచి అందే కింది అంతస్తు వద్దు, అగ్నిప్రమాదంలో నిచ్చెనలు అందని మరీ పై అంతస్తూ వద్దు. మొదటిసారి తలుపు తీసినప్పుడు దాన్ని బ్యాగుతో తెరిచి ఉంచి బాత్రూమ్, అల్మరా, తెరల వెనక చూసి, ఆ తర్వాత మూయండి. గడియ, కిటికీ గొళ్ళేలు, పక్కగదిలోకి తలుపు ఉంటే దాని తాళం పరీక్షించండి. తలుపు కింద దూర్చే రబ్బరు ముక్క ఒకటి వెంట ఉంటే గడియ బలహీనంగా ఉన్నచోట ధైర్యంగా నిద్రపోవచ్చు.

మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి. పొగ నిండితే కళ్ళు పనిచేయవు, గోడను తడుముతూ వెళ్ళాల్సి వస్తుంది. మంచానికి, బాత్రూమ్‌కు ఎదురుగా ఉన్న గడియారం, స్మోక్ డిటెక్టర్, ఛార్జర్ లాంటివాటి మీద దీపాలార్పి టార్చి వేయండి. కెమెరా లెన్స్ ఉంటే చిన్నగా మెరుస్తుంది. ఇళ్ళు అద్దెకు దొరికే యాప్ ఎయిర్‌బీఎన్‌బీ అయితే 2024 ఏప్రిల్ 30 నుంచి ఇళ్ళలోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది, కాబట్టి "సెక్యూరిటీ కోసం" అన్న సాకు చెల్లదు. హోటల్ మనిషినని తలుపు కొడితే తీయకుండా రిసెప్షన్‌కు ఫోన్ చేసి అడగండి.

9. మర్యాద కోసం ఆగొద్దు

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మర్యాదగా ఉండాలని చిన్నప్పటి నుంచి నేర్పిన అలవాటు వల్ల, ఇబ్బందిగా ఉన్నా నవ్వుతూ జవాబులిస్తూ కూర్చుంటాం. ఎక్కడ దిగావు, ఒక్కదానివేనా అని అడిగిన ప్రతివాళ్ళకూ నిజం చెప్పాల్సిన పని లేదు. "మావాళ్ళు వస్తున్నారు" అనండి, లేచి వెళ్ళిపోండి. అవతలివాళ్ళు మంచివాళ్ళే అయితే కాసేపు నొచ్చుకుంటారు, అంతే.

బస్సులోనో రైల్లోనో చేయి వేస్తే గొణగొద్దు. గట్టిగా, ఎవరో తెలిసేలా అనండి: "నీలం చొక్కా, చేయి తియ్!" సాయం అడిగేటప్పుడు గుంపును అడగొద్దు, ఎవరూ కదలరు. ఒక్కరిని చూపించి "కళ్ళద్దాల అమ్మా, మీరు కండక్టర్ని పిలవండి" అని పని అప్పగించండి. ఎవరైనా వెంబడిస్తున్నారనిపిస్తే రోడ్డు దాటి చూడండి. వాళ్ళూ దాటితే గదికి వెళ్ళొద్దు, మీ బస తెలిసిపోతుంది. తెరిచి ఉన్న మందుల షాపులోకో పెద్ద హోటల్ రిసెప్షన్‌లోకో నడిచి విషయం చెప్పండి.

గ్లాసు వదిలి వెళ్తే తిరిగొచ్చి అందులోది తాగొద్దు. తాగినదానికి మించి తల తిరిగితే వెంటనే అక్కడి సిబ్బందికి చెప్పండి. ఆ స్థితిలో కొత్తగా పరిచయమైనవాళ్ళతో బయటికి వెళ్ళొద్దు.

10. జరగరానిది జరిగితే

లైంగిక దాడి జరిగితే ముందు సురక్షితమైన చోటికి, ఆ తర్వాత వీలైనంత త్వరగా ఆసుపత్రికి. ఇక్కడ గంటలు లెక్క. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. అత్యవసర గర్భనిరోధక మాత్రల్లో రకాన్ని బట్టి 3 నుంచి 5 రోజుల దాకా పనిచేసేవి ఉన్నాయి. అవి కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత ఫలితం. మత్తుమందు కలిపారని అనుమానం ఉంటే పరీక్ష ఆ రోజే అడగండి, జీహెచ్‌బీ లాంటి మత్తుమందులు మూత్రంలో దాదాపు 12 గంటలకు మించి దొరకవు. వీలైతే స్నానం చేయకుండా వెళ్ళండి, బట్టలు ప్లాస్టిక్‌లో కాకుండా కాగితం సంచిలో పెట్టండి. స్నానం చేసేసినా సరే, వెళ్ళండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు, వైద్యం మాత్రం ఆగకూడదు.

పాస్‌పోర్టు పోతే పోలీసులకు చెప్పి ఫిర్యాదు కాపీ తీసుకుని మీ దేశ రాయబార కార్యాలయానికి వెళ్ళండి. ఇల్లు చేరడానికి తాత్కాలిక ప్రయాణపత్రం వాళ్ళే ఇస్తారు. ఇన్సూరెన్స్‌వాళ్ళు కూడా మామూలుగా ఆ కాపీనే అడుగుతారు, ఒకటి అదనంగా తీయించుకోండి.