వానలకు ముందే చూసుకోవాల్సిన నీళ్లు: స్లాబు, సంపు, నల్లా

మిరుగం దాటి నాలుగు వానలు పడ్డాక దోమల మందు కోసం తిరిగితే లాభం లేదు. హన్మకొండ, కాజీపేటల్లో ఏ కాలనీకి పోయినా కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా నిలిచిన మంచినీళ్లలోనే. కడుతున్న బిల్డింగులో వాటికి కొదవ లేదు.

ముందు స్లాబు చూడండి. క్యూరింగ్‌కు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి, కట్టలు కట్టి నిలిపిన నీళ్లలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. పైన నీళ్లు కలుపుతూ పోతే దోమ పురుగు అక్కడే పెరుగుతుంది. అయిదు రోజులకోసారి అంతా చీపురుతో ఊడ్చేసి, కాంక్రీటు ఆరకముందే కొత్త నీళ్లు పెట్టాలి. పిల్లర్లకైతే తడి గోనెసంచులు చాలు. లిఫ్ట్ గుంతలోకి టార్చి వేయండి: నీటిపైన తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోయేవే ఆ పురుగులు. మోటరుతో తోడెయ్యాలి. తోడగా మిగిలిన నీళ్ల మీద కాలిన ఇంజిన్ ఆయిల్ పలచగా చల్లాలి. వాడుకునే నీళ్లలో చుక్క కూడా పడొద్దు.

ఇంట్లో డ్రమ్ము, గోలెం బోర్లిస్తే సరిపోదు. నీటి అంచుకు పైన గోడకు అంటుకున్న గుడ్లు తడి లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. వారానికోసారి పీచుతో గట్టిగా రుద్ది, ఆరబెట్టాకే నింపాలి.

ఇక నాలాలు. చెరువుల నీళ్లు పారే దారుల్లో ఇళ్లు లేచాయి. 2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్, హంటర్ రోడ్ వైపు కాలనీలు మునిగాయి. సంపు మూత నేలమట్టానికి ఉంటే మురుగు నేరుగా తాగే నీళ్లలో కలుస్తుంది. చుట్టూ కనీసం అడుగున్నర గోడ ఇప్పుడే కట్టించండి. నల్లాకు నేరుగా మోటరు బిగించడం మానాలి: పైపు మోరీలోంచి పోయే చోట చిన్న పగులున్నా ఆ గుంజుడుకు మురుగు లోపలికొస్తుంది, వీధి మొత్తానికి వాంతులు, విరేచనాలు అంటుకుంటాయి.

సంపు మునిగితే ఖాళీ చేసి, కడిగి, నింపాక వెయ్యి లీటర్లకు 4 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లో కలపండి. సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే పోసి, అరగంట ఆగాలి. ఘాటు వాసన పోయిన పాత పౌడరు పనిచేయదు. తాగే నీళ్లు ఎలాగూ మరిగించాల్సిందే.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. నొప్పుల ఇంజక్షన్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ తీసుకుంటే డెంగీలో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గింది కదా అని పనిలోకి పోవద్దు; అసలు ప్రమాదం ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరి పెద్దాసుపత్రికో తీసుకుపోండి.