దినాలు అయ్యేలోపు కాగితాల జాగ్రత్త

బాపు పోయిన నాడు బీరువా తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడో రోజు పిట్టకు పెట్టి వచ్చాక ఆయన పాత అంగీ జేబులో దొరికింది. లోపల యూరియా సంచి ముక్కలో చుట్టిపెట్టిన పట్టాదారు పాస్‌బుక్, రెండు బ్యాంకు పుస్తకాలు, ఆధార్ ఉన్నాయి. అప్పటికే మేం తప్పు చేసేశాం. పంచాయతీ కార్యదర్శి పేరు అడిగితే మా చిన్నాయన ఊరంతా పిలిచే పేరే చెప్పాడు. ఆధార్‌లో చివర ‘అయ్య’ ఉంటే మరణ ధ్రువపత్రంలో ‘అన్న’ పడింది. ఆ రెండక్షరాల తేడా సరిచేయించుకోవడానికి అవ్వను (మా అమ్మను) వెంటబెట్టుకొని నెలల తరబడి తిరిగాం. మా వరంగల్ దిక్కు ఊళ్లలో ఇంకో ఇంటికి ఆ తిప్పలు రావద్దనే ఇది రాస్తున్నాను.

చావింట్లో వంటకు ఒకరు, సామాన్లకు ఒకరు, చుట్టాలకు ఫోన్లు చేయడానికి ఒకరు ఉంటారు. కాగితాలకు మాత్రం ఎవరినీ పెట్టరు. అల్లుడో, మేనల్లుడో, ఏడుపు కొంచెం అదుపులో ఉన్న ఒక మనిషికి ఆ పని మొదటి రోజే అప్పగించండి.

కరెంటు షాకో, పాముకాటో, బండి ప్రమాదమో అయితే దహనానికి తొందరపడొద్దు. “కోత కోస్తరు, పానం పోయినంక గూడ ఎందుకు తిప్పలు” అని పెద్దవాళ్లు అడ్డుపడతారు. వాళ్ల బాధ నిజమే. కానీ పోలీసు ఫిర్యాదు, పంచనామా, పోస్టుమార్టం లేకపోతే ప్రమాద బీమా, పరిహారం చాలావరకు చేజారిపోతాయి. దహనమయ్యాక ఆ రుజువు మళ్లీ తేలేం.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. అప్పటిదాకా ఆలస్య రుసుము ఉండదు. మనిషి ఎక్కడ ప్రాణం విడిస్తే అక్కడే నమోదు. హనుమకొండలోనో వరంగల్‌లోనో ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వాళ్లు నగరపాలక సంస్థకు తెలియజేస్తారు, సొంతూరి పంచాయతీలో అడిగితే లాభం లేదు. ఇంట్లో పోతేనే పంచాయతీ. పేరు నోటితో చెప్పకండి, ఆధార్ ముందుపెట్టి అక్షరం అక్షరం రాయించండి. ధ్రువపత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. ప్రతి కార్యాలయంలో ఒకటి అడుగుతారు కాబట్టి ప్రతులు నాలుగైదు తీసుకోండి. మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి కూడా అర్జీ పెట్టండి.

తర్వాత బ్యాంకు పుస్తకంలో ఎంట్రీలు కొట్టించి మే చివర, జూన్ మొదట్లో చూడండి. 436 రూపాయలు కోసుకున్నట్టు ఉంటే అది జీవన జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కోసుకుంటే సురక్ష బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఖాతా తెరిచిన రోజు పెట్టిన సంతకం చాలామందికి గుర్తే ఉండదు, నామినీకి అసలే తెలియదు. పట్టా భూమి ఉండి 18 నుంచి 59 ఏళ్ల మధ్య పోయిన రైతు రాష్ట్ర ప్రభుత్వ రైతుబీమాలో నమోదై ఉంటే, ఎలా పోయినా, సహజ మరణమైనా, నామినీకి 5 లక్షలు వస్తాయి. వ్యవసాయ విస్తరణ అధికారిని వెంటనే కలవండి.

చనిపోయిన మనిషి ఏటీఎం కార్డుతో డబ్బులు తీయకండి. దినాల ఖర్చుకని చాలా ఇళ్లలో తీస్తారు. అది చట్టం ఒప్పుకోని పని, రేపు అన్నదమ్ముల మధ్య పంచాయితీకి కూడా అదే మొదలవుతుంది. ఇంకొకటి, నామినీ అంటే సొంతదారు కాదు. బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి మాత్రమే. వారసులందరికీ అందులో వాటా ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది సంతకాలు. పదకొండో రోజు చుట్టాలంతా పోగైనప్పుడే “అందరున్నరు గదా, ఒక మాట అనుకుందాం” అని భూమి మాట తెస్తారు. కళ్లు వాచి, తిండి లేక కూర్చున్న ఆడమనిషి ముందు స్టాంపు కాగితం పెట్టి వేలు పట్టుకుంటారు. ఆ రోజు దేనిమీదా వేలిముద్ర వేయనీయకండి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, బిడ్డలకు (కూతుళ్లకు), బతికుంటే ఆయన తల్లికి కూడా సమాన వాటా ఉంది. కట్నమిచ్చాం కదా అంటే బిడ్డ వాటా పోదు. ముసలి తల్లినైతే అడిగేవాళ్లే ఉండరు. భూమి రికార్డుల భూభారతిలో విరాసత్, అంటే వారసుల పేరుకు పట్టా మార్పు, చేయించేటప్పుడు ఈ పేర్లన్నీ ఉన్నాయా లేదా చూసుకోండి.

ఆయన ఫోన్ నంబర్ పోనీయకండి. బ్యాంకు, బీమా సందేశాలు ఇంకా దానికే వస్తుంటాయి. ఫోన్ ఇంటి మనిషి దగ్గరే ఉంచి, కాగితాల పని తీరేదాకా రీఛార్జ్ చేయిస్తూ ఉండండి. బీమా డబ్బులు వచ్చాయని ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకు మాత్రం చెప్పొద్దని అవ్వకు ముందే చెప్పి పెట్టండి.