ఒక తెలుగు మాట, రెండు ఇంగ్లీషు మాటలు: ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు కొత్తగా వచ్చినవారికి సూచనలు

తెలుగులో అప్పు ఇచ్చినా, అప్పు పుచ్చుకున్నా 'అప్పు' అనే మాట మారదు. ఇచ్చింది ఎవరో, పుచ్చుకున్నది ఎవరో పక్కనున్న క్రియ చెబుతుంది. ఇంగ్లీషులో ఇచ్చేవారు చేసే పని 'లెండ్', తీసుకునేవారు చేసే పని 'బారో'. ఈ తేడా బడిలో చదువుకున్నదే అయినా, తొందరలో సహోద్యోగిని 'కెన్ యూ బారో మీ యువర్ ఛార్జర్' అని అడిగేవారు చాలామంది ఉన్నారు. మన భాష ఒక్క మాటతో నెట్టుకొచ్చిన చోట ఇంగ్లీషు రెండు మాటలు పెట్టుకున్నప్పుడల్లా నాలుక ఇలా తడబడుతుంది. అందువల్ల తికమకపెట్టే మాటల జాబితాలను బట్టీపట్టే ముందు, ఏ తెలుగు మాట మీ చేత పొరపాటు చేయిస్తోందో గమనించుకోవడం మేలు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారి కోసం తయారైన జాబితాల్లో మన తడబాట్లు పెద్దగా కనిపించవు.

అలాంటి తెలుగు మాటల్లో ముందుగా చూసుకోవలసింది 'నుంచి'. '2022 నుంచి ఇక్కడ ఉంటున్నాను', 'మూడేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను' అనే వాక్యాలు రెండూ తెలుగులో సలక్షణంగానే ఉన్నాయి. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే 'సిన్స్', గడిచిన కాలం చెబితే 'ఫర్' రావాలి: 'సిన్స్ 2022', 'ఫర్ త్రీ ఇయర్స్'. ఈ రెండింటికీ క్రియ 'హావ్ బీన్ లివింగ్' అని ఉండాలి, 'యామ్ లివింగ్' అని కాదు. ఉద్యోగ దరఖాస్తులో అనుభవం గురించి రాసే వాక్యంలోనే ఈ తప్పు ఎక్కువగా దొర్లుతుంది కనుక, పంపే ముందు ఆ ఒక్క వాక్యాన్నైనా మరోసారి చదువుకోండి.

'బై', 'అంటిల్' విషయంలో తెలుగే మనకు దారి చూపుతుంది. 'శుక్రవారానికల్లా' అనదగిన చోట 'బై ఫ్రైడే', 'శుక్రవారం దాకా' అనదగిన చోట 'అంటిల్ ఫ్రైడే' అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంటి యజమానికి 'ఐ విల్ బీ అవుట్ బై ఫ్రైడే' అని రాస్తే, శుక్రవారానికల్లా ఇల్లు ఖాళీ చేస్తారని ఆయన అర్థం చేసుకోవచ్చు. 'ఐ విల్ బీ అవుట్ అంటిల్ ఫ్రైడే' అని రాస్తే, శుక్రవారం దాకా ఇంట్లో ఉండరనీ, ఆ తరువాత తిరిగి వస్తారనీ అర్థం. 'వరకు' అనే మాటను మనలో కొందరు ఈ రెండర్థాల్లోనూ వాడతారు కాబట్టి, మనసులో వాక్యం కూర్చుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టడం మంచిది.

'హియర్', 'లిజన్' మాటలకు మన 'వినబడటం', 'వినడం' అచ్చంగా సరిపోతాయి. ఫోనులో గొంతు సరిగా అందుతోందో లేదో తెలుసుకోవాలంటే 'కెన్ యూ హియర్ మీ' అనాలి. 'ఆర్ యూ లిజనింగ్ టు మీ' అంటే మందలింపులా ఉంటుంది. తెలుగులో 'నేను చెప్పేది వింటున్నారా' అన్నా అంతే కదా.

డాక్టరు దగ్గర మాటల తేడాకు విలువ ఎక్కువ. తల తిరుగుతుంటే 'డిజ్జీ', మగతగా ఉంటే 'డ్రౌజీ', స్పృహ తప్పితే 'ఫెయింటెడ్' అనాలి. మందు డబ్బా మీద 'డ్రౌజీనెస్' అని హెచ్చరిక ఉంటే, ఆ మందు నిద్రమత్తు తెప్పించవచ్చని అర్థం. కారు నడిపేవారు దాన్ని తేలికగా తీసుకోకూడదు. మనం 'తిమ్మిరి' అని ఊరుకునే బాధలో, స్పర్శ తెలియకపోతే 'నంబ్' అనీ, సూదులు గుచ్చుతున్నట్లు ఉంటే 'టింగ్లింగ్' అనీ విడదీసి చెప్పాలి. 'మోషన్స్' అంటే అర్థం కాకపోవచ్చు; 'డయేరియా' అనండి. బ్రిటన్‌లో 'సర్జరీకి రండి' అన్నారని కంగారు పడవద్దు. అక్కడ డాక్టరు రోగులను చూసే చోటును కూడా 'సర్జరీ' అనే అంటారు.

మన దేశంలో చెల్లి, సరిహద్దు దాటగానే అర్థం మారిపోయే మాటలు మరో రకం. వీటిని తప్పులనడం నాకు ఇష్టం లేదు. అవి భారతీయ ఇంగ్లీషులో స్థిరపడిన వాడుకలు. అయినా '2019లో పాస్డ్ అవుట్' అంటే అక్కడివారికి ఆ ఏడాది మీరు స్పృహ తప్పి పడిపోయారని తోస్తుంది, 'గ్రాడ్యుయేటెడ్' అనాలి. సమావేశంలో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే, చెబుతున్నది నిజం కాదేమోనని మీరు అనుమానిస్తున్నట్లు ధ్వనిస్తుంది. అడగదలచుకున్నది 'క్వశ్చన్' మాత్రమే. 'రివర్ట్' అంటే పూర్వస్థితికి తిరిగి వెళ్లడం కనుక, జవాబు కోరేటప్పుడు 'రిప్లై' వాడండి. 'ప్రీపోన్' బదులు 'మూవ్ అప్' అనవచ్చు.

స్పెల్లింగు తికమకల గురించి అంతగా బెంగపడనక్కరలేదు. వాటిని ఇంగ్లీషువారూ చేస్తారు. ఒకదానికి మాత్రం మన ఉచ్చారణ కూడా తోడవుతుంది. వదులుగా ఉన్నదాన్ని మనం 'లూజు' అంటాం. ఇంగ్లీషులో ఆ మాట ఉచ్చారణ 'లూస్', రాతలో రెండు 'ఓ'లు ఉంటాయి. పోగొట్టుకోవడం అనే అర్థం గల మాటనే 'లూజ్' అని పలుకుతారు, అందులో ఒక్క 'ఓ' మాత్రమే ఉంటుంది. మన ఉచ్చారణే చేతిని తప్పుదారి పట్టిస్తోందని తెలిస్తే ఈ తప్పు త్వరగా మానుతుంది.

'ఇన్‌ఫ్లేమబుల్' అన్న హెచ్చరిక విషయంలో తికమకకు చోటు ఇవ్వకూడదు. మొదట 'ఇన్' ఉంది కదా, అంటుకోదని అనుకోవద్దు. అదీ 'ఫ్లేమబుల్' కూడా సులువుగా మండే వస్తువులకే చెప్పే మాటలు. మండనిది 'నాన్‌ఫ్లేమబుల్'.

కొన్ని మాటలు దేశాన్ని బట్టి మారతాయి. నేల మీది అంతస్తును బ్రిటన్‌లో 'గ్రౌండ్ ఫ్లోర్' అనీ, దాని పైదాన్ని 'ఫస్ట్ ఫ్లోర్' అనీ అంటారు; అమెరికాలో సాధారణంగా నేల మీదిదే 'ఫస్ట్ ఫ్లోర్'. 03/04 అని రాస్తే అమెరికాలో మార్చి 4, బ్రిటన్‌లో ఏప్రిల్ 3. 'హాఫ్ సిక్స్' అని బ్రిటన్‌లో ఎవరైనా అంటే ఆరున్నర అని అర్థం. ఇక 'నెక్స్ట్ ఫ్రైడే' అంటే రాబోయే శుక్రవారమా, ఆ పై వారమా అన్నదాని మీద అక్కడ పుట్టి పెరిగినవారికే ఏకాభిప్రాయం లేదు. 'బైవీక్లీ' కూడా అంతే, వారానికి రెండుసార్లనీ, రెండు వారాలకు ఒకసారనీ రెండర్థాలూ నిఘంటువుల్లో ఉన్నాయి. ఇలాంటి చోట తారీఖు చెప్పమని అడగడానికి మొహమాటపడవద్దు. 'విచ్ డేట్ ఈజ్ దట్' అన్న ప్రశ్న వారూ ఒకరినొకరు వేసుకునేదే.