మోకాలి కింద దిండు వద్దు

షుగర్ వల్ల మోకాలి దిగువన కాలు తీసేసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ముందు ఆ కాలి కింద దిండు తీసేయండి. హాయిగా ఉంటుందని మనమే పెడతాం. మోకాలు వంగినట్టే బిగుసుకుపోతే తర్వాత కృత్రిమ కాలు సరిగా అమరదు. కుర్చీలో కూడా కాలు వేలాడకుండా చాపి, కింద పలక ఆనించండి. డాక్టర్ సరేనంటే రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి, తుంటి బిగుసుకోదు. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

రాత్రి నిద్రమత్తులో కాలు ఉందనుకుని లేచి పడిపోతుంటారు. మంచం పక్కనే వాకర్, చిన్న లైటు ఉండాలి. రెండో పాదాన్ని రోజూ చూడండి, పుండు పడితే ఆలస్యం చేయొద్దు.

చెన్నైలో మనవాళ్లయితే కె.కె.నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థలో అడగండి. తమిళం రాకపోతే పక్కింటివాళ్లను వెంట తీసుకెళ్లండి.