ధ్రువం మీదుగా దారి లెక్క – 3వ పాఠం: హెల్సింకి నుంచి యాంకరేజ్

గత పాఠంలో గ్లోబు మీద మహావృత్తం (భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారి) గీశాం. ఇప్పుడు దాని పొడవు లెక్కిద్దాం. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విమానాశ్రయం 60.32° ఉత్తరం, 24.96° తూర్పు. అలాస్కాలోని యాంకరేజ్ 61.17° ఉత్తరం, 150.00° పడమర. రెండూ దాదాపు ఒకే అక్షాంశం కదా అని దాని వెంటే పోతే 9,500 కిలోమీటర్లు అవుతుంది. అసలు దారి అంత లేదు.

ముందు రేఖాంశాల తేడా. తూర్పుకు ప్లస్, పడమరకు మైనస్: 24.96 − (−150.00) = 174.96°. తర్వాత రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.8688 × 0.8760 = 0.7611. రెండు కొసైన్‌లనూ, తేడా కొసైన్‌నూ గుణించండి: 0.4952 × 0.4822 × (−0.9961) = −0.2379. రెండూ కలిపితే 0.5232. ఏ కోణానికి కొసైన్ ఇంత ఉంటుందో చూస్తే 58.45°. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 6,500 కి.మీ. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉండటంవల్ల నిజమైన దూరం ఇంకో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ఎక్కువే. మన పనికి ఆ తేడా లెక్కలోది కాదు.

క్యాలిక్యులేటర్ డిగ్రీలకు బదులు రేడియన్ మోడ్‌లో ఉంటే జవాబు పొంతన లేకుండా వస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. గుర్తు తప్పితేనే చిక్కు: 150 లోంచి 24.96 తీసేస్తే 125.04, దూరం 5,715 కి.మీ. అని తేలుతుంది. నమ్మేలా ఉంటుంది, అందుకే పట్టుబడదు. సరిచూసుకోవాలంటే ప్రతి అక్షాంశాన్నీ 90 నుంచి తీసి కలపండి: 29.68 + 28.83 = 58.51°. ఇది సరిగ్గా ధ్రువం మీదుగా పోయే దారి. మన రేఖాంశాలు దాదాపు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి జవాబు దీనికి కాస్త తక్కువే ఉండాలి.

ఈ దారి ధ్రువానికి 160 కి.మీ. లోపు నుంచి పోతుంది. బయలుదేరేటప్పుడు దిశ (ఉత్తరం 0°, అక్కడినుంచి గడియారం ముల్లు తిరిగే వైపు కొలిస్తే) 357°, ధ్రువం పక్కన 270°, దిగేటప్పుడు 183°. విమానం మలుపు తిరగదు, దాని కింద రేఖాంశాలే దిశ మారుస్తాయి. అక్కడ అయస్కాంత దిక్సూచిని నమ్మలేం; గ్రిడ్ దిశ (పటం మీది సమాంతర గీతలతో కొలిచే దిశ) గురించి వచ్చే పాఠం.

ఇక సమయం. విమానం మహావృత్తాన్ని అచ్చంగా అనుసరించదు, 3 శాతం కలిపి 6,700 కి.మీ. అనుకోండి. మాక్ 0.85 వేగం (ధ్వని వేగానికి 0.85 వంతు), బయట −56.5 °C ఉంటే గంటకు 900 కి.మీ. పైచిలుకు. చలి పెరిగితే ధ్వని వేగం తగ్గుతుంది: −66.5 °C దగ్గర అదే మాక్‌కు సుమారు 880. 900తో భాగిస్తే 7 గంటల 27 నిమిషాలు. విమానం ఆకాశంలోకి ఎక్కడానికి, కిందికి దిగడానికి 15, నేల మీద విమానం నడవడానికి 25 నిమిషాలు కలపండి: దాదాపు 8 గంటల 10 నిమిషాలు. గంటకు 30 కి.మీ. ఎదురుగాలి ఉంటే మరో పావుగంట.

గడియారాల తేడా 11 గంటలు. మధ్యాహ్నం 3కి హెల్సింకిలో ఎక్కితే యాంకరేజ్‌లో అదే రోజు 12:10కి దిగుతారు. మార్చిలో, అక్టోబరు చివర ఈ తేడా కొన్నాళ్లు 10 గంటలే, ఎందుకంటే అమెరికా, యూరప్ వేర్వేరు ఆదివారాల్లో గడియారాలు మారుస్తాయి.

అభ్యాసం: ఐస్‌లాండ్‌లోని కెప్లావిక్ (63.99° ఉత్తరం, 22.61° పడమర) నుంచి యాంకరేజ్‌కు దూరం కట్టండి. రెండూ పడమరే, గుర్తులు చూసుకోండి. 5,400, 5,450 మధ్య రావాలి.